పదో తరగతి తర్వాత సైకాలజీ తీసుకోవచ్చా? పాలమూరు, నల్లగొండ వాళ్లు చెప్పగలరు

మక్తల్_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి పాసయింది. మంచి మార్కులే వచ్చాయి. ఆ బడిలోనే పదకొండు, పన్నెండు తరగతుల్లో సైన్సు, కామర్సుతో పాటు హ్యుమానిటీస్ కూడా ఉంది. అందులో సైకాలజీ ఒక సబ్జెక్టు. అమ్మాయి అదే కావాలంటోంది. మా బావగారు, తమ్ముళ్లు మాత్రం బైపీసీలో చేర్పించమంటున్నారు. "మార్కులు వచ్చిన పిల్లను ఆర్ట్స్‌లో వేస్తావా?" అని మా అమ్మ రోజూ అడుగుతోంది.

నాది ఎరువుల దుకాణం. డిగ్రీ దాకా చదివాను కానీ మా ఇంటా వంటా ఈ చదువు చదివినవాళ్లు లేరు. ఆ పుస్తకాల్లో అసలేముంటుంది? చదివాక బతుకుదెరువు ఎలా ఉంటుంది? ఈ రెండూ తెలిసినవాళ్లు చెప్పండి. మూడోది కూడా అడుగుతాను. మా వాడకట్టులో ఒక పెద్దాయన "పిచ్చివాళ్ల చదువు ఆడపిల్లకెందుకు?" అన్నాడు. అమ్మాయి ఆ మాట విని చాలా బాధపడింది. అలాంటివాళ్లకు ఏమని చెప్పాలి?

నకిరేకల్_రాజు

నమస్కారం సార్. మన జిల్లాల్లో సైకాలజీ అన్న మాట తెలియని ఇల్లు తక్కువ. కాకపోతే అది టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, దారిలో తెలిసిన మాట. టెట్‌లో 150 మార్కులుంటే 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీకే (బోధనా పద్ధతులకే) పోతాయి. ఏ గ్రంథాలయానికైనా వెళ్లి పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లను అడగండి. థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ చింపాంజీ, స్కిన్నర్ ఎలుక అని వరసగా అప్పజెబుతారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఎవరు ఏ జంతువుతో ప్రయోగం చేశారో నిద్రలో అడిగినా చెబుతాను. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆ ప్రయోగం చేశారో మాత్రం ఏ కోచింగులోనూ చెప్పలేదు. ఆ సంగతి నాకిప్పటికీ వెలితిగానే ఉంది.

పదహారేళ్ల వయసులో, బిట్ల తొందర లేకుండా, రెండేళ్లపాటు కుదురుగా ఈ శాస్త్రం చదివే వీలు దొరకడం అదృష్టం. నాకైతే పంపించడమే మంచిదనిపిస్తోంది.

మిర్యాలగూడ_సత్యం

రాజు గారి ఉత్సాహం బాగుంది. కానీ ఇంటి పెద్దగా ఇంకో వైపు కూడా చూడాలి. మా చెల్లెలి కొడుకు దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేశాడు. చేతిలో పట్టా ఉంది. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రికి వెళితే "రిజిస్ట్రేషన్ నంబరు ఉందా?" అన్నారు. లేదు. ఇప్పుడు మా మిల్లులోనే లెక్కలు చూసుకుంటున్నాడు. ఆ పిల్లాడికి తెలివి తక్కువేమీ కాదు. ముందుగా దారి చెప్పినవాళ్లు లేరు, అంతే.

కాబట్టి మక్తల్ గారూ, సబ్జెక్టు బాగుందా లేదా అన్నది ఒక్కటే చూడకండి. ఏ చదువు తర్వాత ఏ చదువు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత ఖర్చు అన్నది కాగితం మీద రాసుకుని అప్పుడు చేర్పించండి.

పాలమూరు_టీచరమ్మ

మక్తల్ నాన్న గారూ, నేను మహబూబ్‌నగర్‌లోనే ఈ సబ్జెక్టు చెబుతున్నాను. సత్యం గారి మాటలోని జాగ్రత్త అవసరమైనదే. దాని సంగతి తర్వాత రాస్తాను, ముందు పుస్తకాల్లో ఏముందో చెప్పనివ్వండి. ఎందుకంటే మా తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది వేరే ఏదో ఊహించుకుని వస్తారు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ముఖం చూసి చెప్పేయవచ్చని కొందరు అనుకుంటారు. మొదటి రోజు నుంచే మానసిక వ్యాధుల గురించి చెబుతారని ఇంకొందరు ఎదురుచూస్తారు. రెండూ జరగవు.

సీబీఎస్‌ఈలో దీని కోడ్ 037. రాత పరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. పదకొండో తరగతిలో ఈ శాస్త్రం ఎలా పుట్టింది, పరిశోధన ఎలా చేస్తారు అన్నవి ముందు వస్తాయి. తర్వాత మనిషి ఎదుగుదల, ఇంద్రియాలు, అవధానం (ధ్యాస పెట్టడం), అభ్యసనం (నేర్చుకోవడం), జ్ఞాపకశక్తి, ఆలోచన, ప్రేరణ, ఉద్వేగాలు. పన్నెండులో ప్రజ్ఞ, వ్యక్తిత్వం, ఒత్తిడిని ఎదుర్కోవడం, ఆ తర్వాత నాలుగో పాఠంగా మానసిక రుగ్మతలు, అటుపైన చికిత్సా పద్ధతులు, వైఖరులు, సమూహ ప్రవర్తన. రుగ్మతలకూ చికిత్సలకూ కలిపి మూడో వంతు మార్కులు కూడా మించవు. మిగతాదంతా మామూలు మనిషి గురించే. మనం ఎలా నేర్చుకుంటాం, ఎందుకు మరిచిపోతాం, గుంపులో ఉన్నప్పుడు ఎందుకు మారిపోతాం అన్నదే ఈ చదువు. ఆ పెద్దాయనకు చెప్పవలసిన జవాబు ఇందులోనే ఉంది.

ఇది పరిశీలన మీద, ప్రయోగం మీద నిలిచిన శాస్త్రం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాల పెట్టడంతో దీనికి వేరే అస్తిత్వం వచ్చింది. మన దేశానికి రావడానికి కూడా ఎక్కువ కాలం పట్టలేదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1915లోనే ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి పాఠ్యప్రణాళిక తయారైంది. మరుసటి ఏడాది శాఖ ఏర్పడింది. నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాన్ని నిలబెట్టారు. నూరేళ్లు దాటిన చదువును మన ఊళ్లలో ఇంకా కొత్త వింతలా చూస్తున్నారన్నదే నా బాధ.

మీ అమ్మాయికి నేను చెప్పేది ఒకటే. చేరకముందే పదకొండో తరగతి పుస్తకం తెరిచి, పరిశోధన పద్ధతుల మీద ఉన్న రెండో పాఠం చదవమనండి. పరికల్పన (పరీక్షించి చూడవలసిన ఊహ), చరాంకాలు (మారే అంశాలు), నియంత్రిత సమూహం (పోల్చి చూడటానికి ఏ మార్పూ చేయకుండా ఉంచే గుంపు), సహసంబంధం (రెండు అంశాలు కలిసి మారే తీరు) అన్నీ అందులోనే వస్తాయి. సహసంబంధ గుణకం మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఎందుకు ఉంటుందో ఆసక్తిగా చదవగలిగితే ఈ సబ్జెక్టు ఆమెకు సరిపోతుంది. ఆ పాఠం విసుగనిపిస్తే మిగతా రెండేళ్లూ విసుగే.

పానగల్_వాసి

టీచరమ్మ గారూ, అవధానం, ఇంద్రియాలు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా నల్లగొండ దగ్గర పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా నిలిచి ఉంటుంది. అది ఏ స్తంభం నీడో తేల్చుకోలేక జనం చుట్టూ తిరుగుతూ చూస్తారు. మీ శాస్త్రంలో కంటి భ్రమల గురించి కూడా ఉంటుందట కదా, ఇది కూడా వాటిలోకి వస్తుందా?

పాలమూరు_టీచరమ్మ

రాదండీ. ఆ నీడ నిజంగానే అక్కడ ఉంది. ఫొటో తీస్తే ఫొటోలో కూడా పడుతుంది. ఆ స్తంభాలను ఏ చోట నిలిపారు, వెలుతురు ఎటు నుంచి వస్తుంది అన్న లెక్క అది. భౌతిక శాస్త్రం, శిల్పుల నేర్పు. మా పుస్తకంలో భ్రమ అంటే వేరు. ముల్లర్-లయర్ గీతలు చూడండి. రెండు గీతలూ సమానం. ఒకదాని చివర బాణం ములుకులు లోపలికి, ఇంకోదానికి బయటికి ఉంటాయి. స్కేలు పెట్టి కొలిచి సమానమని తేల్చుకున్నాక కూడా ఒకటి పొడుగ్గానే కనిపిస్తుంది. తెలిసినా కన్ను మారదు. ఆ తేడా ఎక్కడ పుడుతోందన్నదే మా ప్రశ్న. కానీ మంచి ఉదాహరణ ఇచ్చారు. బయట ఉన్నదేది, మన లోపల తయారైనదేది అని విడదీయడం నేర్పడానికి ఈసారి తరగతిలో రెండూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

నల్లగొండ_మనోవైద్యుడు

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ని. రెండు విషయాలు రాస్తాను.

మొదటిది, దారుల తేడా. మానసిక వైద్యుడు కావాలంటే ముందు ఎం.బి.బి.ఎస్., ఆ తర్వాత మూడేళ్ల ఎం.డి. దానికి నీట్ రాయాలి. నీట్‌కు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు కావాలి. మందులు రాసేది ఈ దారిలో వచ్చినవాళ్లే. క్లినికల్ సైకాలజిస్టు వేరు. పరీక్షలు నిర్వహించి సమస్యను అంచనా వేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందులు రాయరు. దానికి డిగ్రీ, పీజీ సైకాలజీలో చేసి, ఆపైన భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు పూర్తి చేసి, ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. సత్యం గారి మేనల్లుణ్ని ఆస్పత్రివాళ్లు అడిగిన నంబరు అదే. ఇంతకాలం ఆ కోర్సు రెండేళ్ల ఎం.ఫిల్. రూపంలో ఉండేది. దాని స్థానంలోకి ఇప్పుడు కొత్త కోర్సులు వస్తున్నాయి. మీ అమ్మాయి అక్కడికి చేరేసరికి అవే ఉంటాయి. కాబట్టి అమ్మాయిని సూటిగా అడగండి: మందులు రాసే డాక్టర్ కావాలనుందా, మాట్లాడి నయం చేసే పని కావాలనుందా, లేక ఈ శాస్త్రమే ఇష్టమా? మొదటిదైతే బైపీసీకి ప్రత్యామ్నాయం లేదు. మిగతా రెండింటికీ బైపీసీ తప్పనిసరి కాదు.

రెండోది, ఆ పెద్దాయన మాట. నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది నిద్ర పట్టని రైతులు, కాన్పు తర్వాత కన్నీళ్లు ఆగని తల్లులు, పరీక్షలంటే గుండె దడ పుట్టే పిల్లలు, తాగుడు మానాలనుకునేవాళ్లు. వీళ్లను ఆ మాటతో పిలిస్తే ఆస్పత్రి మెట్లెక్కడం మానేస్తారు. గాలి సోకిందని, బాణామతి చేశారని తిప్పి తిప్పి, జబ్బు ముదిరాక తీసుకొస్తారు. గుడికీ దర్గాకూ వెళ్లవద్దని నేనెప్పుడూ అనను. మొక్కు తీర్చుకుని, ఆ సాయంత్రమే మా దగ్గరికీ రండి అంటాను. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టులో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ వార్త తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్లవుతుంది. మనసుకు వచ్చే జబ్బును చదువుకున్న కళ్లతో చూసే మనుషులు ప్రతి ఊళ్లో ఉండాలి. అందరూ డాక్టర్లే కానక్కరలేదు. పన్నెండో తరగతి వరకు ఈ సబ్జెక్టు చదివి తర్వాత టీచరో, సర్పంచో, దుకాణదారో అయినా ఊరికి మేలే.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పటిలా ప్రతిదానికీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పరుగెత్తవలసిన పని లేదు. ఫోనులో మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

మిర్యాలగూడ_సత్యం

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. మావాడి విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు అర్థమైంది. దూరవిద్యలో చేసినవాళ్లకు ఇక ముందు కూడా ఇంతేనా?

నల్లగొండ_మనోవైద్యుడు

ఇక ముందు ఆ దారే మూసుకుపోయింది. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చెప్పకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు స్పష్టం చేసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి ఇది రావడమే కారణం. కాబట్టి కాలేజీకి వెళ్లి చదివే ఏర్పాటు చేసుకోవాలి. హాస్టలు ఖర్చు ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి. మీ మేనల్లుడు ఆ పట్టాతో నిరాశపడి కూర్చోనవసరం లేదు. ఏదైనా కోర్సుకు దరఖాస్తు చేసే ముందు, దూరవిద్య పట్టా చెల్లుతుందా అని ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగమనండి.

చందంపేట_చెల్లి

అందరికీ నమస్తే. మాది దేవరకొండ అవతల తండా. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మాధ్యమంలో హెచ్ఈసీ చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో బి.ఏ.లో సైకాలజీ ఒక సబ్జెక్టుగా చదువుతున్నాను. ఇది రాయడానికి కారణం ఉంది. పదకొండో తరగతిలో సైకాలజీ దొరకకపోతే ఇక జీవితంలో దొరకదని ఇక్కడ చదివే చెల్లెళ్లు, తమ్ముళ్లు అనుకోవద్దు. మన దగ్గర కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపులే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంటర్ ఏ గ్రూపులో పాసైనా దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) సైకాలజీ ఉన్న బి.ఏ. పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో నిజాం కాలేజీలో ఉంది, కోఠి మహిళా కాలేజీలో, అంటే ఇప్పటి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది. పీజీకి ఉస్మానియాలో శాఖ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆరోగ్య మనోవిజ్ఞానానికి విడిగా కేంద్రమే ఉంది.

భాష గురించి కూడా నిజం చెప్పాలి. మొదటి సెమిస్టరులో నాకు చాలా కష్టమైంది. ప్రతి పేరాలో నాలుగు కొత్త మాటలు. తెలుగు అకాడమీ పుస్తకాలు పక్కన పెట్టుకుని, ముందు తెలుగులో విషయం అర్థం చేసుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో చదివాను. అర్థమయ్యాక రాయడం అంత కష్టం కాలేదు. సీబీఎస్‌ఈలో జవాబులు ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి కాబట్టి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చే పిల్లలకు మొదటి ఏడాది ఓపిక పట్టే టీచరు కావాలి.

ఇంకో మాట. మా అమ్మానాన్న పుణెకు భవనాల పనికి పోయేవాళ్లు. దసరా దాటాక వెళితే వానలకు తిరిగి వచ్చేవాళ్లు. నేను, తమ్ముడు నాయనమ్మ దగ్గర పెరిగాం. తల్లి, బిడ్డ మధ్య అనుబంధం గురించిన పాఠం చదువుతున్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ పుస్తకంలో ఇల్లంటే తల్లి, తండ్రి, బిడ్డ. మా తండాలో సగం ఇళ్లు అలా ఉండవు. మా మేడంను అడిగాను. బిడ్డకు కుదురుగా, నమ్మకంగా చూసుకునే మనిషి ఒకరుండటం ముఖ్యం, ఆ మనిషి తల్లే కావాలని నియమం లేదన్నారు. నాయనమ్మ మాకు అలాంటి మనిషే. పాలమూరు, దేవరకొండ వలస ఇళ్లలో పెరిగిన పిల్లల గురించి మనవాళ్లే పరిశోధన చేయాలి. బయటివాళ్లు వచ్చి ప్రశ్నపత్రం పంచి వెళితే మా నాయనమ్మలు నిజం చెప్పరు. ఎవరికైనా "అంతా బాగుంది బిడ్డా" అనే చెబుతారు. నేను ఎం.ఏ.లో ఈ పనే చేస్తాను.

పాలమూరు_టీచరమ్మ

చందంపేట చెల్లీ, నువ్వు రాసింది మా పిల్లలకు చదివి వినిపిస్తాను. తప్పకుండా చెయ్యి ఆ పని. పుస్తకం అడగని ప్రశ్న అడిగావు.

మక్తల్_నాన్న

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. అన్నీ అమ్మాయికి, మా అమ్మకు చదివి వినిపించాను. వలస గురించిన మాటలు విని మా అమ్మ చాలాసేపు మాట్లాడింది. వాళ్ల చిన్నతనంలో మా ఊరు సగం ఖాళీ అయ్యేదట.

ఇంకో సంగతి అడగాలి. పన్నెండో తరగతిలో ఒక మనిషి గురించి వివరంగా రాసి ఇవ్వాలని బడిలో ఎవరో చెప్పారట. మా చిన్నమ్మకు చాలా ఏళ్లుగా మానసికంగా బాగుండదు. మందులు వాడుతోంది, మా ఇంట్లోనే ఉంటుంది. "ఆమె గురించే రాస్తాను, ఆమెకు ఏమైందో నేను తెలుసుకుంటాను" అంటోంది అమ్మాయి. అలా చేయవచ్చా?

పాలమూరు_టీచరమ్మ

వద్దండీ. దీనికి నేను గట్టిగానే చెబుతాను.

పన్నెండో తరగతిలో కేస్ ప్రొఫైల్ ఉంటుంది, నిజమే. ఒక వ్యక్తిని ఎంచుకుని, మాట్లాడి, గమనించి, వారి నేపథ్యం, సామర్థ్యాలు, పరిస్థితులు రాయాలి. అది జబ్బును తేల్చే పని కానే కాదు. బాగా చదువుకునే పిల్లాడి గురించి, ఆటగాడి గురించి, ఒంటి చేత్తో ఇల్లు నడిపే తల్లి గురించి రాయవచ్చు. ఎంచుకున్న వ్యక్తికి విషయమంతా చెప్పి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. మధ్యలో వద్దంటే ఆపేయాలి. పేరు బయటపెట్టకూడదు. ఇవన్నీ పదకొండో తరగతి పుస్తకంలోనే రాసి ఉన్నాయి. ఇంట్లో ఉండి, మన మీదే ఆధారపడిన మనిషి "వద్దు" అనగలరా? అనలేరు. అందుకే మా పిల్లలకు నేను సొంత ఇంటివాళ్లను తీసుకోనివ్వను.

దీనికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. రుగ్మతల పాఠం మొదలైన వారంలో మా తరగతిలో సగం మంది తమకు ఏదో ఒకటి ఉందని వచ్చి చెబుతారు. మిగతా సగం ఇంట్లోవాళ్లకు ఉందంటారు. ఒక పాఠం చదివి మనిషికి పేరు తగిలించడం ఎంత ప్రమాదమో వాళ్లకు ఓపికగా చెప్పాలి. మీ అమ్మాయికి నాయనమ్మ వరసైన ఆ తల్లికి వైద్యులున్నారు, మందులున్నాయి. మనవరాలు పక్కన కూర్చుని కబుర్లు చెబితే చాలు, నోటు పుస్తకం తెరవనక్కరలేదు.

నల్లగొండ_మనోవైద్యుడు

టీచరమ్మ గారి మాటే నా మాట. అమ్మాయికి ఆమె జబ్బు గురించి తెలుసుకోవాలనుంటే ఈసారి మందులకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. రోగి ఒప్పుకుంటే డాక్టరే కూర్చోబెట్టి చెబుతారు. కుటుంబానికి చెప్పడం మా పనిలో భాగమే.

నకిరేకల్_రాజు

ప్రాక్టికల్స్ గురించి చిన్న సమాచారం. చాలా బి.ఎడ్. కాలేజీల్లో సైకాలజీ ప్రయోగశాల ఉంటుంది. ముల్లర్-లయర్ పలక, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం, జ్ఞాపకశక్తి పరీక్షించే డ్రమ్ము ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు బీరువాలోనే ఉంటాయి. బడిలో సామాను లేకపోతే ప్రిన్సిపాల్ ద్వారా ఉత్తరం రాయించి అడిగితే ఇస్తారు. అద్దంలో నక్షత్రం గీయడం మాత్రం ప్రతి పిల్లాడూ చేసి చూడాలి. కుడిచేత్తో సాధన చేశాక ఎడమచేతికి కూడా కొంత నేర్పు వచ్చేస్తుంది. చూసినవాళ్లు నమ్మలేరు.

మిర్యాలగూడ_సత్యం

ఉద్యోగాల మాట ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మక్తల్ గారి రెండో ప్రశ్న అదే కదా.

పాలమూరు_టీచరమ్మ

సత్యం గారూ, చెబుతాను, ఉన్నది ఉన్నట్లు. పన్నెండో తరగతి సైకాలజీతో ఉద్యోగం రాదు. డిగ్రీతో కూడా సొంతంగా చికిత్స చేసే అర్హత రాదు. మానవ వనరుల విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడుల్లో సహాయకులుగా అవకాశాలుంటాయి. పీజీ తర్వాత బోధన, కౌన్సెలింగ్. క్లినికల్ దారి డాక్టర్ గారు చెప్పారు. మొత్తం చూస్తే పదో తరగతి నుంచి సుమారు పదేళ్ల ప్రయాణం. ఇంజనీరింగులా నాలుగేళ్లకే జీతం చేతికి రాదు. ఆ ఓపిక ఇంట్లో ఉండాలి. ఆడపిల్ల అయితే మధ్యలో పెళ్లి మాట ఎత్తకుండా ఉండాలి. ఇది తండ్రిగారికే చెబుతున్నాను, మన్నించండి.

అవసరం మాత్రం పెరుగుతోంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలని చెప్పింది. మన రెండు జిల్లాల్లో ఎన్ని బడులు, ఎన్ని జూనియర్ కాలేజీలు, ఎన్ని హాస్టళ్లు ఉన్నాయో మీరే ఊహించండి. ఆ కుర్చీల్లో కూర్చోవడానికి మన భాష తెలిసిన, మన ఇళ్ల సంగతి తెలిసిన మనుషులు ఎంతమంది ఉన్నారు? ఇంటర్ ఫలితాలు వచ్చే వారం ప్రతి ఏడాదీ నాకు నిద్ర పట్టదు. ఒక్కో కాలేజీలో ఒక్కరుంటే చాలని నేను కోరుకునేది అందుకే.

మిర్యాలగూడ_సత్యం

ఒప్పుకుంటున్నాను, అమ్మా. పదేళ్ల లెక్క ముందే తెలిస్తే చాలు. తెలిసి నడిస్తే భయం లేదు.

మక్తల్_నాన్న

నిన్న బడికి వెళ్లి వచ్చాను. జీవశాస్త్రంతో పాటు సైకాలజీ కూడా ఆరో సబ్జెక్టుగా తీసుకోవచ్చా అని అడిగాను. బోర్డు ఒప్పుకుంటుంది గానీ తమ టైం టేబుల్లో రెండు క్లాసులూ ఒకే గంటలో పడుతున్నాయన్నారు. అమ్మాయిని డాక్టర్ గారు చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాను. మందులు రాయాలని లేదట. సైకాలజీతో పాటు అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం తీసుకుంటానంది. మా అమ్మ కూడా సరేనంది. పెళ్లి మాట విషయంలో టీచరమ్మ గారు మన్నించమనవలసిన పని లేదు. నేను మాట ఇస్తున్నాను.

ఫీజు కట్టేముందు ఇంకా ఏమైనా చూడాలా? కింద అమ్మాయి కూడా ఏదో అడుగుతానంటోంది, దాని మాటల్లోనే రాస్తోంది.

"టీచర్ గారూ, నమస్తే. మీరు చెప్పిన రెండో పాఠం చదివాను. నియంత్రిత సమూహం ఎందుకో అర్థమైంది. గుణకం లెక్క ఇంకా అర్థం కాలేదు, కానీ విసుగు రాలేదు. బడి తెరిచేలోపు నేను ఏం చేయవచ్చు?"

పాలమూరు_టీచరమ్మ

నాన్నగారికి: సైకాలజీకి పీజీ చేసిన పూర్తికాల టీచరు ఉన్నారా, లేక ఇంకో సబ్జెక్టు టీచరే చూసుకుంటున్నారా అని అడగండి. పోయిన ఏడాది పన్నెండో తరగతి పిల్లల ప్రాక్టికల్ రికార్డు ఒకటి చూపించమనండి. రికార్డులన్నీ ఒకేలా, ఒకే మాటలతో ఉంటే ప్రయోగాలు చేయించలేదని అర్థం. ఈ రెండూ తేలాక ఫీజు కట్టండి.

అమ్మాయికి: గుణకం లెక్క నేను తరగతిలో కూడా రెండుసార్లు చెబుతాను, కంగారు వద్దు. ఈ సెలవుల్లో, జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగం నీ మీద నువ్వే చేసుకో. అర్థం లేని రెండక్షరాల ముక్కలు పన్నెండు తయారు చెయ్యి: ఝిటు, ఫొబె, ఠెము, ఇలాంటివి. ఒక్క ముక్కకు కూడా తెలుగులోగానీ హిందీలోగానీ అర్థం ఉండకూడదు. తప్పు లేకుండా అప్పజెప్పగలిగే దాకా చదువు. ఎన్నిసార్లు చదవవలసి వచ్చిందో రాసుకో. గంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో చూసి, మళ్లీ పూర్తిగా వచ్చేదాకా ఎన్నిసార్లు చదివావో రాసుకో. ఇలాగే వేరే పన్నెండు ముక్కలు నేర్చుకుని తొమ్మిది గంటల తర్వాత, ఇంకో పన్నెండు నేర్చుకుని మరుసటి రోజు చూసుకో. ఒకే జాబితాను తిరిగి తిరిగి వాడితే లెక్క చెడిపోతుంది, ఎందుకో నువ్వే ఆలోచించు. మరపు మొదటి గంటలోనే ఎక్కువగా ఉంటుందని పుస్తకంలో ఉంది. నీ అంకెలు అలా రాకపోతే మార్చి రాయవద్దు. వచ్చినవి వచ్చినట్లే గ్రాఫు గీసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టు.